సారా చావులు: మనం రాసుకోవాల్సిన లెక్క



పొదుపెంత, అప్పెంత, బకాయెంత అన్నది మనం రాయని నెల లేదు. ఊళ్లో ఎవరు దేనివల్ల చనిపోయారన్న లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఈరోజు దాని గురించే మాట్లాడదామనుకున్నాం.

2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి అది పశ్చిమ గోదావరి జిల్లాయే. రోజుల తేడాలో మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. నాటుసారాయే చంపిందని ఇళ్లల్లో ఆడవాళ్లు అన్నారు, సహజ మరణాలని ప్రభుత్వం అంది. తేల్చుకుందామంటే చాలామందికి పోస్టుమార్టమే జరగలేదు. పరువు పోతుందని, శవాన్ని కోస్తారని, కేసవుతుందని భయపడి మన ఊళ్లల్లో గబగబా దహనం కానిచ్చేస్తారు. ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా రుజువుండదు.

2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. మిథనాల్ తాగగానే మామూలు మత్తులాగే ఉంటుంది. చాలాసార్లు మర్నాటికి గానీ బయటపడదు. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం. నిన్నటి మత్తు దిగలేదులే అని పడుకోబెడతారు. మజ్జిగకీ నిమ్మరసానికీ ఈ విషం విరగదు. వేళకు పెద్దాసుపత్రికి చేరిస్తే విరుగుడు మందుంది, డయాలసిస్ ఉంది. ఒకచోట కాచిన సారా ఒక్కడే తాగడు కదా! మొదటివాడి సంగతి ఆ పూటే చెబితే మిగతావాళ్లని వెతికి బతికించుకోవచ్చు.

అందుకని పని పంచుకుందాం. ఇలా ఇద్దరికి జబ్బు చేసిందంటే సంఘం లీడరు ముందు 108కి ఫోన్ చేయాలి, ఆశా కార్యకర్తకీ ఏఎన్‌ఎంకీ చెప్పాలి. ఏం తాగారు, ఎప్పుడు తాగారు, ఇంకెవరు తాగారు అన్నది డాక్టరు దగ్గర దాచొద్దు. సీసాలో మిగిలింది పారబోయొద్దు. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఎక్కువ మింగినవాళ్లకీ ఇంతే. ఖాళీ షీటు వెంట తీసుకెళ్లండి. ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించండి, అసలు కారణం రాయించండి.

మన పుస్తకంలో పేర్లు అక్కర్లేదు. ఊరు, తేదీ, వయసు, లక్షణాలు చాలు. నెలనెలా ఆ కాగితం పీహెచ్‌సీ డాక్టరుకు ఇద్దాం. ఒక ఊళ్లో ఒక చావంటే ఎవరూ పట్టించుకోరు. పక్కపక్క ఊళ్లవి నాలుగు ఒకే కాగితం మీద కనబడితే డాక్టరుకు అనుమానం వస్తుంది.

తాగుడు మానాలనుకునేవాళ్లకి 14446 ఉచిత నంబరు. ఏళ్ల తరబడి తాగినవాళ్లని గదిలో పెట్టి తాళం వేసి ఉన్నపళంగా మాన్పించాలని చూడకండి. ఫిట్సొచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు చూపించే మాన్పించాలి.

పుస్తకం రాసే చెల్లెళ్లు ఈ నెల సమావేశంలోనే చివరి పేజీలో ఆ నాలుగు గళ్లు గీసుకోండి. వచ్చే నెల మొదటి కాగితం మండల సమాఖ్యకు తీసుకురండి.