సైకిలు మీద వెళ్ళేవారికి చవక సెల్‌ఫోను
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పాలకూ, బ్యాంకుకూ ఇప్పటికీ సైకిలు మీదే వెళుతున్నాం. నేనూ అంతే. దారిలో పడిపోతే మనకు కావలసింది సినిమాలు చూపే ఫోను కాదు. కళ్ళజోడు ఊడిపోయినా వేలితో తడిమి నొక్కగల బటన్ల ఫోను. చార్జింగు కూడా రెండు మూడు రోజులు వస్తుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. జియో సిమ్ము 2జీ ఫోనులో పనిచేయదు. ఆ సిమ్ము ఉన్నవారు దానికి సరిపడే 4జీ బటన్ల ఫోనే తీసుకోవాలి. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లకు ఆపద బటను తప్పనిసరి. బటన్ల ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కిపట్టాలి. ఏ అంకెయో దుకాణంలోనే అడిగి తెలుసుకోండి. 112 నంబరు గుర్తుంచుకోండి.

ఫోను సైకిలు బుట్టలో వేయకండి. పడినప్పుడు సైకిలు ఒకవైపు, మనం ఒకవైపు. ఒంటి మీద జేబులోనే ఉంచండి; పేస్‌మేకరు ఉన్నవారు మాత్రం చొక్కా జేబులో పెట్టవద్దు. మోగితే సైకిలు దిగి మాట్లాడండి.

ఇంటివారి నంబరు చీటీ మీద రాసి ఫోను వెనుక అంటించండి. మనకు మాట పెగలనప్పుడు మన తరఫున మాట్లాడేది ఆ చీటీయే.

సెలవు.