పశువైద్య విద్య: పిల్లలకు మన సలహా
(నాతవరం పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

పరీక్షా ఫలితములు రాగానే తలిదండ్రులు మీ వద్దకు వత్తురు. “మా వానికి పశువులన్న ప్రాణము, ఆ చదువునకు పంపుదుమా?” అని అడుగుదురు. తొందరపడి జవాబీయవలదని మేము మనవి చేయుచున్నాము.

దారులు రెండు గలవు. పదవ తరగతి పిమ్మట పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేండ్లు చదివిన డిప్లొమా వచ్చును. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివి, పిదప ఐదున్నర సంవత్సరములు శ్రమించిన పట్టము లభించును. తిరుపతిలో 1955లోనే పశువైద్య కళాశాల వెలసినది; నేడు విజయనగరం జిల్లా గరివిడిలోను కలదు. అయితే 1984 నాటి చట్టము ప్రకారము స్వతంత్రముగా వైద్యము చేయు హక్కు, పట్టము పొంది పేరు నమోదైన వారికే కలదు. డిప్లొమా పొందినవారు వారి అజమాయిషీలో చిన్న చికిత్సలు మాత్రమే చేయవలెను. ఈ భేదము తెలియక చేరి, పిదప చింతించుట తగదు.

పశువులపై ప్రేమ ఒక్కటి చాలదు. అర్ధరాత్రి ఈనలేని గేదెకు భుజము వరకు చేయి పెట్టి దూడను సరిచేయవలెను. నెలలు నిండక ఈనిన పశువు మాయను ఉత్త చేతులతో ముట్టిన బ్రూసెల్లా జ్వరము సోకవచ్చును. బ్రతుకని ఎద్దును గూర్చి రైతుకు నిజము చెప్పవలెను.

కావున దరఖాస్తుకు ముందే, డాక్టరుగారి అనుమతితో, పిల్లవానినిగాని పిల్లనుగాని కొన్నాళ్లు పశువైద్యశాలకు పంపించుడు. చూచి వచ్చి “రేపును పోవుదును” అనినచో, నిస్సంశయముగా ప్రోత్సహింపుడు.