తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

వాగు నీళ్లు తేటగా కనబడితే బాగున్నాయనే అనుకుంటాం, గేదెలను తోలుతాం. పటాన్‌చెరు సంగతి వినండి. మందుల ఫ్యాక్టరీల మురుగును అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీళ్లలో మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే మాత్ర పనిచేయకపోవచ్చు.

శుద్ధి ప్లాంటులో గాలి ఊది పెంచే సూక్ష్మజీవులు గంజి, మలం లాంటి మురుగును తినేస్తాయి. కొన్ని మందులు మాత్రం వాటికి లొంగవు. వాటిని తీయాలంటే యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు, ఓజోన్ లాంటివి కావాలి.

వాగులోకి వదిలే నీటికి లీటరుకు బీఓడీ 30, సీఓడీ 250 మిల్లీగ్రాములు దాటొద్దని సాధారణ నిబంధన. అవి మొత్తం మురుగెంతో చెబుతాయి గానీ, ఏ మందు ఉందో చెప్పవు. అందుకే ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో మనం గ్రామసభలో రెండూ అడగాలి: ఆ అంకెలెంత? మందుల పరీక్ష చేయించారా? మన వంతుగా, మిగిలిన మాత్రలను మోరీలో వేయొద్దు.