మానని చర్మవ్యాధులు: పూతకు ముందు పరీక్ష

చర్మవ్యాధి ప్రాణము తీయదు గదా యను ఉపేక్ష మనలో పెక్కుమందికి కలదు. ప్రాణము తీయకున్నను, అది ఏండ్ల తరబడి నిద్రను, పనిని, నలుగురిలో తిరుగు ధైర్యమును హరించును. ఇట్టి రోగులు మా యొద్దకు వచ్చునప్పటికే, పొరుగువారు చెప్పినదో, మందుల దుకాణములో ఇచ్చినదో, ఏదో యొక పూతమందు వాడియుందురు. అందుచేత మేము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఇంతవరకు ఏమేమి పూసితిరి?”

దీనికి కారణము చెప్పెదము. దుకాణములలో దొరకు మిశ్రమ పూతమందులు పెక్కింటిలో స్టిరాయిడ్ అను ద్రవ్యముండును. అది దురదను, ఎరుపును కొలది దినములలోనే అణచును. కాని తామర శిలీంధ్రము వలన కలుగు వ్యాధి. స్టిరాయిడ్ వలన ఆ శిలీంధ్రము చావదు సరిగదా, చర్మమునకు దానిని ఎదిరించు శక్తి తగ్గి, మరింత వ్యాపించును. పూత మానగానే దురద తిరుగబెట్టును. మచ్చ రూపము మారిపోయి, గుర్తించుట మాకును కష్టమగును. పెక్కునాళ్లు పూసినచో చర్మము పలుచబడి చారలు పడును. అందుకే 2018లో మన దేశమున ఇట్టి స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందులలో చేర్చిరి.

ఒంటిమీది మచ్చలన్నియు ఒక్కటి కావు. గుండ్రముగా పెరుగుచు, అంచు ఎరుపెక్కి, నడుమ మానినట్లు కనబడునది తామర కావచ్చును. ఆ అంచునుండి పొట్టు గీకి, పొటాసియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూచినచో శిలీంధ్రపు పోగులు కానవచ్చును. మోచేతులు, మోకాళ్లు, తల, వీనియందు వెండిరేకులవంటి పొలుసులు రాలునది సోరియాసిస్ కావచ్చును. అప్పుడు గోళ్లలో గుంటలున్నవా, ఉదయమున కీళ్లు బిగియుచున్నవా యని విచారింతుము. రోగి అరచేతిని వ్రేళ్లతో సహా ఒంటిలో నూటికి 1 వంతుగా లెక్కించి, వ్యాధి ఎంతమేర వ్యాపించినదో కొలుతుము. ఇక రంగు తగ్గి, దురద లేక, స్పర్శ తెలియని మచ్చ కుష్ఠు కావచ్చును. దూదిపోగుతో తాకి చూతుము; మోచేతి వెనుకగా పోవు నరము లావెక్కినదేమో తడిమి చూతుము. తొలిదశలో గుర్తించినచో ఇది 6 లేక 12 నెలల ఉచిత చికిత్సతో నయమగును. ఆలసించినచో చేతులు, కాళ్లు మొద్దుబారి, వ్రేళ్లు వంకరపోవచ్చును.

చికిత్సయు వ్యాధిని బట్టియే యుండును. తామర మందును, మచ్చ మాయమైన పిదప కూడ, చెప్పినన్నాళ్లు వాడవలెను. ఇంటిలో మరెవ్వరికైన తామర యున్నచో వారికిని చికిత్స జరుగవలెను. తువ్వాళ్లు, బట్టలు ఒకరివి ఒకరు వాడరాదు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రోగిని దూరముగా నుంచ నక్కరలేదు. దానిని సమూలముగా పోగొట్టు మందు లేకున్నను, పూతమందులతోను, కాంతిచికిత్సతోను, మాత్రలతోను, సూదిమందులతోను చాలమందికి అదుపులో నుండును. స్టిరాయిడ్ పూతను ఇందు మేమును వాడుదుము. ఐతే ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అను లెక్క తప్పము.

శ్రోతలకు మా మనవి యొక్కటే. మానని మచ్చ కనబడినచో, ఏదియు పూయకముందే వైద్యునకు చూపింపుడు. ఇదివరకే పూసియున్నచో, సంకోచింపక ఆ ట్యూబును వెంట తెండు. దానిమీది పేరు చూచినచో మాకు సగము సంగతి తెలియును.