పొద్దుటి పూట పూర్ణం టోస్టు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇంతసేపు పొదుపులు, అప్పులు, వాయిదాల లెక్కలు విన్నాము. మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం, పోషకాహారం. దశసూత్రాల్లో మొదటి ఐదూ మనల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాము. సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. ఆ తర్వాత వచ్చే ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి మినిట్స్ పుస్తకంలో "చర్చించడమైనది" అని ఒక్క మాట రాసి సంతకాలు పెట్టేస్తాము. అందుకే ఈసారి ఉపన్యాసం వద్దు, ఒక వంట చెప్దామని మా సంఘంలో అందరం అనుకున్నాము. ఆ వంట పూర్ణం పెట్టిన బొంబాయి టోస్టు. నవ్వుతున్నారు కదా! నవ్వండి, పర్వాలేదు. మేమూ మొదట నవ్వినాము.

ముందు ఎందుకు చెప్తున్నామో వినండి. మన అనంతపురం వైపు ఎండాకాలంలో ఉపాధి పనికి పొద్దు పొడవకముందే బయల్దేరుతాము. చెనిక్కాయ కాలంలో కలుపు, పీకుడు, వలుపు, అన్నీ ఆడవాళ్ల చేతి పనే. ఇంట్లో పిల్లలకు బడి బస్సు టైము. ఆ తొందరలో పిల్లల చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్టు పెడతాము, లేదంటే బేకరీ బన్ను. మనం మాత్రం ఒక గ్లాసు టీ తాగి గడప దాటుతాము. పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక చెల్లెలు పని దగ్గర కళ్లు తిరిగి గట్టు మీద కూలబడింది. నీళ్లు తాగించి, నీడకు తీసుకుపోయి, "ఏం తిని వచ్చినావు?" అని అడిగితే "టీ తాగినా అక్కా" అనింది. అప్పుడు మిగతావాళ్లమంతా ఒకరినొకరు అడిగి చూసుకున్నాము. పొద్దున ఏదో ఒకటి తిని వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. ఇంట్లో ఏమీ లేక కాదు. పిల్లలకు పెట్టి, ఆయనకు కట్టిచ్చి, మన వంతుకు వచ్చేసరికి టైము అయిపోతుంది, లేదంటే గిన్నె ఖాళీ అయిపోతుంది.

ఈ మాట సమావేశంలో పెడితే మా సంఘంలో పెద్దామె ఒకరు గట్టిగానే అడిగింది. "ఏమ్మా, సద్దెన్నం ఉండగా, సంగటి ముద్ద ఉండగా, ఈ రొట్టెల పిచ్చి ఏంది మీకు?" ఆమె మాటలో న్యాయం ఉంది. సద్దెన్నంలో మజ్జిగ, ఉల్లిగడ్డ వేసుకొని తినేదానికి మించింది లేదు. రాగి సంగటి, ఉగ్గాని, వీటి స్థానంలో బ్రెడ్డు పెట్టమని మేము ఎవరికీ చెప్పము. బ్రెడ్డు అంటే చాలావరకు మైదానే, దానిలో వట్టి బలం తక్కువ. కానీ బ్రెడ్డు, బన్ను, బిస్కెట్టు ఇప్పటికే మన ఇళ్లలోకి వచ్చేసినాయి. పిల్లలు అడుగుతారు, మనం కొంటాము. ఎట్లాగూ కొంటున్న ఆ రొట్టెకు మన చెనిక్కాయలు, గుడ్డు, పాలు తోడు చేస్తే అది తిండి అవుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు, అంతే. మిగతా రోజులు పెద్దామె మాటే మన మాట.

బొంబాయి టోస్టు మనకు కొత్తదేమీ కాదు. గుడ్డు, పాలు, చక్కెర కలిపి బ్రెడ్డు ముంచి కాల్చేది చాలా ఇళ్లలో తెలిసిందే. ఇంగ్లీషులో ఫ్రెంచ్ టోస్ట్ అంటారు. ఫ్రాన్సు దేశంలో మాత్రం దాని పేరుకు "పోయిన రొట్టె" అని అర్థం. అంటే పాడైపోయింది అనుకున్న నిన్నటి గట్టి రొట్టెను పాలల్లో ముంచి మళ్లీ తిండిగా చేసుకోవడం. హైదరాబాదులో డబుల్ కా మీఠా కూడా రొట్టె ముక్కలు వేయించి, చక్కెర పాకం, పాలల్లో నానబెట్టి చేసేదే. ఏ ఊర్లో అయినా తిండి పారేయడం ఆడవాళ్లకు మనసు ఒప్పదు.

ఇంక చేసే పద్ధతి. నలుగురికి 8 బ్రెడ్డు ముక్కలు, 2 గుడ్లు, అర గ్లాసు పాలు అంటే 100 మిల్లీలీటర్లు, చెనిక్కాయ విత్తనాలు 100 గ్రాములు, బెల్లం 60 గ్రాములు, నువ్వులు రెండు స్పూన్లు, ఒకటో రెండో యాలక్కాయలు, చిటికెడు ఉప్పు. కాల్చేదానికి నూనె గానీ నెయ్యి గానీ నాలుగైదు స్పూన్లు చాలు. మీ ఊరి అంగడి ధరలతో మీరే లెక్క వేసుకోండి, బేకరీలో నలుగురికి కొనేదానితో పోల్చి చూడండి. లెక్కలు మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పూర్ణంతో మొదలుపెట్టాల. విత్తనాలు ఏరడం అన్నిటికంటే ముఖ్యం. మనం పండించే పంట కాబట్టి ఇంట్లో మిగిలిన తాలు విత్తనాలు, ముడుచుకుపోయినవి, నల్లబడినవి మనకే ఉంచుకొని మంచివి అమ్ముతాము. అది మానుకోవాల. బూజు పట్టిన చెనిక్కాయలో అఫ్లాటాక్సిన్ అని ఒక విషం ఉంటుంది, లివరును పాడు చేస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. చేదుగా ఉన్న విత్తనం నోట్లో పడితే మింగకుండా ఉమ్మేయండి. మంచి విత్తనాలు సన్న మంట మీద వేయించి, పొట్టు ఊది, నువ్వులు వేరుగా చిటపటలాడించి, బెల్లం, యాలక్కాయ వేసి రోట్లో దంచుకోండి. మిక్సీ అయితే ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి తిప్పాల, ఎక్కువ తిప్పితే నూనె వదిలి అంటుకుపోతుంది. చేత్తో పిడికిలి పడితే ఉండ నిలబడాల. పొడి పొడిగా ఉంటే ఒక స్పూను పాలు చల్లండి. పాలు చల్లకుండా ఉంచిన పొడి అయితే తడి తగలని డబ్బాలో వారం రోజులు బాగుంటుంది. ఆదివారం చేసి పెట్టుకోవచ్చు.

పచ్చి కొబ్బరి, బెల్లం కలిపి ఉడికించిన లౌజు పెట్టినా రుచి అదిరిపోతుంది. కానీ ఎండాకాలంలో ఫ్రిజ్జు లేని ఇంట్లో రాత్రి చేసి పొద్దునకు పెట్టొద్దు, పులుస్తుంది. పండగ మరుసటి రోజు ఒబ్బట్ల కోసం చేసిన బేళ్ల పూర్ణం మిగిలి, పులవకుండా బాగుంటే అది కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది. మా పిల్లలకు అన్నిటికంటే అదే ఇష్టం.

బ్రెడ్డు నిన్నటిది అయితే మంచిది. మెత్తటి తాజా బ్రెడ్డు పాలల్లో పెట్టగానే విడిపోతుంది. అయితే నిన్నటిది అంటే బూజు పట్టింది కాదు. ఒక్క ముక్క మీద ఆకుపచ్చ మచ్చ కనపడినా ఆ ముక్క తీసేసి మిగతావి వాడుకుందాం అనుకోవద్దు. మెత్తటి రొట్టెలో బూజు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటుంది. దాన్ని గొడ్లకు, కోళ్లకు కూడా వేయొద్దు.

ముక్క అంచులు కోసేసి, చపాతీ కర్రతో ఒకటి రెండు సార్లు నొక్కి పలచగా చేయండి. కోసిన అంచులు ఎండబెట్టి మిక్సీ పట్టి పెట్టుకుంటే వడలు, కట్లెట్లలోకి పనికొస్తాయి. పలచగా చేసిన ముక్కకు ఒక అంచు మీద స్పూనున్నర పూర్ణం పొడుగ్గా పరిచి, చాప చుట్టినట్టు చుట్టండి. చివర వేలితో పాలు తడిపి నొక్కితే అతుక్కుంటుంది. రెండు పక్కలా కూడా వేళ్లతో నొక్కి మూసేయండి. ఇక్కడే తొందరపడి చిన్న ముక్కలుగా కోస్తారు కొంతమంది. కోస్తే పెనం మీద బెల్లం బయటికి కారి మాడుతుంది, చేదు వస్తుంది, పెనం తోమలేక చేతులు పోతాయి. చుట్ట చుట్టగానే కాల్చాల, కాల్చినాక కోయాల.

గుడ్లు, పాలు, చిటికెడు ఉప్పు బాగా గిలకొట్టి వెడల్పు గిన్నెలో పోసుకోండి. ఇందులో చక్కెర వేయొద్దు, లోపల బెల్లం ఉంది కదా. ఒక్కొక్క చుట్టను ముంచి, తిప్పి, వెంటనే తీయాల. నానబెట్టే పని లేదు. పెనం మీద స్పూను నూనె వేసి, మంట తగ్గించి, అతుకు ఉన్న వైపు ముందు కిందికి పెట్టండి. అది కాలి గట్టిపడితే ఇంక విప్పుకోదు. నాలుగు వైపులా తిప్పుతూ ఎర్రగా కాల్చండి. పచ్చి గుడ్డు తడి ఎక్కడా కనపడకూడదు. దించి రెండు నిమిషాలు ఆగి ఒక్కో చుట్టను మూడు ముక్కలు కోస్తే మొత్తం 24 ముక్కలు వస్తాయి. వేడి బెల్లం నాలుక కాలుస్తుంది, చిన్నపిల్లలకు ఆరబెట్టి ఇవ్వండి.

శనివారాలు, కార్తీక మాసం, గుడ్డు తినని ఇళ్లు ఉంటాయి. వాళ్లు పాలల్లో మూడు స్పూన్ల శనగపిండి ఉండలు లేకుండా కలిపి అందులో ముంచి కాల్చుకోవచ్చు. రంగు కూడా బాగా వస్తుంది. షుగరు ఉన్న అక్కలకు ఈ తీపి వద్దు. వాళ్లకు పప్పుల పొడి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర కలిపి కారం చుట్ట చేసి, ఒకటో రెండో పెట్టండి. నిజం చెప్పాలంటే మాలో చాలామందికి కారందే నచ్చింది.

బలం సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాము. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, 100 గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో సుమారు 25 గ్రాములు. రెండు గుడ్లు కలిపితే 37. నలుగురు పంచుకుంటే తలా 9 గ్రాములు, పాలు, రొట్టె లెక్క వేయకుండానే. బిస్కెట్ ప్యాకెట్టు దీనికి దగ్గరికి కూడా రాదు. కానీ బెల్లం తింటే రక్తం పట్టేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. బెల్లంలో ఇనుము కొంచెమే, తీపి ఎక్కువ. రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. ఇంకొకటి, తింటూ టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. టీని తిండికి గంట ఎడంగా జరపండి. టీ మానమని మేము చెప్పలేదు, చెప్తే ఈ హాల్లో సగం మంది లేచి పోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. 24 ముక్కలు, నలుగురు. తలా 6. ఈ నలుగురిలో మనం ఉన్నామా లేదా? చాలా ఇళ్లలో లెక్క ఆయన, ఇద్దరు పిల్లలు, అత్త అని వేస్తాము. మనల్ని లెక్కలో వేసుకోము. మిగిలితే తింటాము. మా సంఘంలో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాము. చుట్టలు చుట్టేటప్పుడే తలలు లెక్కపెట్టాల, వండే మనిషి తలతో సహా. ఐదుగురు ఉంటే 10 ముక్కల బ్రెడ్డు తీయాల. కాల్చగానే మొదట వండిన మనిషి వంతు తీసి వేరే డబ్బాలో మూత పెట్టాల. అది పని దగ్గరికి తీసుకుపోయేది. పిల్లవాడు ఇంకొకటి అడిగితే? ఇచ్చేస్తాము, తల్లులం కదా. అందుకే ఆ డబ్బా ముందే సంచిలో పడిపోవాల.

మొదట్లో కొంతమందికి సిగ్గు అనిపించింది, వండినామె ముందు తీసుకునేది ఏంది అని. ఒకామె వాళ్ల అత్త ఏమంటుందో అని రెండు వారాలు చేయలేదు. తీరా చూస్తే ఆ అత్తే ఇప్పుడు డబ్బా కట్టి చేతికిస్తోంది. అన్ని ఇళ్లలో ఇంత సాఫీగా జరగలేదు. ఇప్పటికీ ఒకటి రెండు ఇళ్లలో డబ్బా ఖాళీగానే వస్తోంది. ఆ రోజు పని దగ్గర మిగతావాళ్లం మాలోంచి తలా ఒక ముక్క ఇస్తున్నాము. దీన్ని వారం సమావేశంలో పొదుపు అడిగినట్టే అడుగుతున్నాము, "ఈ వారం ఎన్ని రోజులు తిని బయల్దేరినావు?" అని.

పని పెరుగుతుంది కదా అంటారు. పొద్దున పెరగకూడదు, అందుకే చెనిక్కాయ పొడి పూర్ణం చెప్పినాము. రాత్రి టీవీ చూసేటప్పుడు చుట్టలు చుట్టి, తడి గుడ్డ పిండి కప్పి, స్టీలు డబ్బాలో మూత పెడితే పొద్దునకు గట్టిపడవు. గుడ్డు, పాలు మాత్రం పొద్దునే కలపాల. చుట్టే పని పిల్లలు చేస్తారు, మగపిల్లలైనా సరే. బీడీ చుట్టే చేతులైతే ఇంకా బాగా చుడతాయని మా ఊరి మగవాళ్లతో మేము అంటుంటాము. పొద్దున మిగిలేది పెనం దగ్గర పది, పదిహేను నిమిషాలు.

మాటలు చాలు. భోజనాల పక్కన రెండు స్టవ్వులు, రెండు పెనాలు పెట్టినాము, తీపి ఒకవైపు, కారం ఒకవైపు. గ్రామ సంఘానికి ఇద్దరు చొప్పున వచ్చి చేతులు కడుక్కొని సొంతంగా చుట్టి కాల్చుకోండి. చపాతీ కర్రలు నాలుగే ఉన్నాయి, వంతుల వారీగా రండి. షుగరు ఉన్న అక్కలు కుడివైపు పెనం దగ్గరికి రండి.