కండరమును మఱచిన విషశాస్త్రము



దివిసీమ ముంగిట నున్న ఈ చల్లపల్లిలో పాములను గుఱించి మాటలాడుట, అన్నము పెట్టు చేలను గుఱించి మాటలాడుటయే. వరిగట్ల బొరియలలో ఎలుక యున్నంతకాలము రక్తపింజరి యుండును. కోతకూలీ పాదము దానిపై పడుచునే యుండును. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రాంతమున కాట్లు మిక్కుటమైనప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగము జరిగినది. భయపడిన ప్రజ దైవమును ఆశ్రయించుటను నేను తప్పుపట్టను. శాస్త్రజ్ఞులమైన మనము వారి చేతికేమి యిచ్చితిమన్నదే నా ప్రశ్న.

గాజునాళములో ఇరువది నిమిషములు నెత్తురు నుంచి, గడ్డకట్టినదా లేదా యని చూచు పరీక్షను ఇచ్చితిమి. అది ప్రాణములు గాచిన పద్ధతి. కాని, ఆ పరీక్ష సరిపడినంతనే రోగి కోలుకొన్నాడని వ్రాసి పంపివేయు అలవాటుతో నా జీవితమంతయు కలహించితిని. ఘంటసాల వైపు కూలీ యొకడు అట్లు ఇల్లు చేరిన పిమ్మట పిక్కకండ కుంచించి, ఆ యేడు నాట్లకు దిగలేకపోయెను. బ్రదికినాడు గనుక అతడు ఏ పట్టికకును ఎక్కలేదు.

కండను చంపు ప్రోటీనుల మర్మమును మనకు విప్పిచెప్పినది కంటికిని నాసారంధ్రమునకును నడుమ వేడిమిని పసికట్టు గుంట గల పింజరుల విషము. 1984లో అమెరికా నీటిపింజరి విషమున ఫాస్ఫోలైపేస్-ఎ2 కుటుంబపు ప్రోటీనొకటి బయల్పడినది. 49వ స్థానమున ఆస్పార్టేటునకు మాఱుగా లైసీను గలిగి, కాల్షియమును పట్టజాలక, కొవ్వును విడగొట్టు శక్తి కోల్పోయినది. అయినను అట్టి ప్రోటీనులు కండరకణపు పొరను చీల్చును. కోస్టారికాలోని క్లోడోమిరో పికాడో సంస్థలో గుటియెరెజ్, లోమొంటె మహాశయులు దశాబ్దముల తరబడి ఈ విషయముననే శ్రమించిరి. ఎంజైము పని లేనిదే హాని లేదని నేటికిని బోధించు మన పండితులు కొందఱు ఆ రచనలను ఒక్కసారి విప్పి చూచిన బాగుండును.

అంతకన్న ముఖ్యమైనది మఱొకటి కలదు. ఈ ప్రోటీనులు మాత్రమే పనిచేసినచో, కండతంతువు చచ్చినను దాని చుట్టునున్న ఒఱయు, రక్తనాళములును నిలుచును గనుక, ఉపగ్రహకణములు క్రొత్త కండను పుట్టింపగలవు. అదే విషములోని మెటల్లోప్రోటీనేసులు సన్నని నాళములను ఛేదించినచో, కండకు మాఱు మచ్చనార యేర్పడును. కాలు మరల నిలుచునా లేదా యన్నది ఇచ్చటనే తేలును. విఱుగుడుమందు ఆలస్యమైనకొలది ఈ నాశమును ఆపజాలదు.

మన తెలుగుతీరమున పని చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లోనే ఆ గుంట గల పింజరులలోనిదే యైన విశాఖపట్టణపు పచ్చపింజరిని బోద్రు పామను పేర వర్ణించెను. నేటికిని మన విఱుగుడుమందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషములతోనే తయారగుచున్నది. పచ్చపింజరికి అందు చోటు లేదు. ఆ నాలుగింటి విషమైనను పెక్కేండ్లుగా చెన్నపట్టణ సమీపపు, పాములు పట్టు ఇరులవారి సహకార సంఘమునుండియే ముఖ్యముగా వచ్చుచున్నది. ప్రాంతమునుబట్టి విషము మాఱునని తెలిసియు, డెల్టా రక్తపింజరి విషమును వేఱుగా పరీక్షింపకుండుట క్షమింపరాని అలసత్వము. చావు అరుదు గనుక పచ్చపింజరి మనకేల యను మిత్రుల వాదమును నేను అంగీకరింపను. కాలు పోయిన కూలీకి చావు తప్పుట సగము మేలే.

ఈ సీమ వైద్యులకు నా ప్రార్థన యొక్కటే: కాటుపడి వచ్చిన ప్రతివాని నెత్తుటిలో కండనాశమును తెలుపు క్రియాటిన్ కైనేసును కొలువుడు, మూత్రపు రంగు చూడుడు, ఆఱు నెలలకు ఆ కాలిని మరల చూచి వ్రాసియుంచుడు.