పరపతి చిట్టాలో తప్పు పడితే



పంట రుణము వడ్డీతో సహా తీర్చినా, బ్యాంకిలో కొత్త అప్పు పుట్టని రైతులు కొందరున్నారు. కారణమేమి? పరపతి చిట్టాలో పాత బాకీ అలాగే నిలిచియుండవచ్చు. ఇంకొకరి అప్పు మన పేర ఎక్కటమూ కద్దు. బ్యాంకి పంపిన లెక్కే ఆ చిట్టాకు ఆధారము; బ్యాంకి ఒప్పుకొని సవరించనిదే బాకీ మారదు.

ఈ చిట్టాలు వ్రాసే సంస్థలు మన దేశంలో 4: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2017 నుండి ఏటా ఒకసారి ప్రతి సంస్థా పూర్తి చిట్టా ఉచితంగా ఇయ్యవలెను. తొలకరి దాకా ఆగితే అదను దాటుతుంది, వేసవిలోనే తెప్పించండి. పేరు, పుట్టినతేదీ, పాన్ నంబరు, ఖాతాలు, బాకీలు ఒక్కొక్కటే సరిచూడండి.

తప్పు కనిపిస్తే బ్యాంకికీ, ఆ సంస్థకూ ఫిర్యాదు వ్రాయండి. రసీదు, బాకీ లేదను పత్రము నకళ్ళు జతపరచండి. అసలు కాగితాలు మీ వద్దే ఉంచుకోండి. 30 రోజులలో పరిష్కరించకుంటే, ఆపైన రోజుకు 100 రూపాయల వంతున మీకు పరిహారము రావలెను. అప్పటికీ పని కాకుంటే రిజర్వు బ్యాంకి అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోండి, రుసుము లేదు.

ఒక్క హెచ్చరిక. కిస్తీ నిజంగానే తప్పియుంటే ఆ పద్దును దళారి చెరపలేడు. అతని చేతిలో డబ్బు పోయకండి. కొంత తగ్గించి కట్టిన అప్పు కూడా పూర్తిగా తీరినట్లు పడదు. బాకీ తీర్చి, ఇకమీద గడువుకు కట్టుకొంటూ పోవటమే దానికి మందు.